గరిక కోసం వంగిన చోట

కిందటి ఏడాది వినాయక చవితి ముందురోజు సాయంత్రం అమ్మ చిన్న స్టీలు పళ్ళెం పట్టుకుని మా పెరట్లోకి వెళ్ళింది. డాలస్‌కు ఉత్తరాన మేముండే ఊళ్ళో మాచీపత్రి దొరకదు, జమ్మి దొరకదు, జిల్లేడు దొరకదు. 21 పత్రిలో సగానికి పైగా అక్షతలతో సరిపెట్టుకోవలసిందే. గరికకు మాత్రం లోటు లేదు. ఇక్కడివాళ్ళు బెర్ముడా గడ్డి అని పిలుచుకునేది మన గరికనే. శాస్త్రవేత్తలు రెండింటికీ పెట్టిన పేరు ఒక్కటే, సైనోడాన్ డాక్టిలాన్. పచ్చిక కోసం దాన్ని మరో జాతితో సంకరం చేసిన రకాలూ ఉన్నాయి గానీ, మా పెరట్లో ఉన్నది నాటు గరికే. 'దూర్వాయుగ్మం పూజయామి' అన్నప్పుడైనా చేతిలో అక్షతలు కాక అసలు ఆకు ఉంటుందని అమ్మకు సంతోషం.

వంగింది. రెండు పోచలు తుంచింది. మూడో పోచ కోసం చెయ్యి చాచి ఆగిపోయింది. గడ్డి మొదట్లో, ఎండకు తెల్లబడి గట్టిపడిన కుక్క మలం ఉంది. మా కర్రిదే. వారం కిందటిదో, పది రోజుల కిందటిదో. అమ్మ లేచి పెరడంతా ఒకసారి చూసింది. అక్కడక్కడా పళ్ళెమంత వెడల్పున ఎండిపోయిన గుండ్రటి మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ ముదురు పచ్చ అంచు. తుంచిన రెండు పోచలూ అక్కడే వదిలేసి, "ఈ ఏడు గరికకు కూడా అక్షతలే వేద్దాంలే" అని లోపలికి వచ్చేసింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు అంతగా గుచ్చుకునేది కాదు.

నాన్న వరండాలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. "దానికేముందమ్మా, ఎరువే కదా. నాలుగు చినుకులు పడితే మట్టిలో కలిసిపోతుంది" అన్నారు నన్ను ఊరడించడానికి.

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. ఇక్కడి తెలుగు ఇళ్ళలో కుక్కలు పెరిగాయి. కుక్కల్ని పెంచే స్నేహితులు అందరూ ఎప్పుడో ఒకప్పుడు అన్నదే. నేనూ అన్నాను. బయట నడకకు తీసుకెళ్ళినప్పుడు సంచి జేబులో ఉండేది, నలుగురూ చూస్తారు కాబట్టి వెంటనే ఎత్తేదాన్ని. ఆరడుగుల చెక్క కంచె లోపల, నా సొంత పెరట్లో మాత్రం శనివారం దాకా ఆగేదాన్ని. పని ఉంటే మరో శనివారం. నా పెరడు, నా కుక్క, మధ్యలో ఎవరికి నష్టం అనుకునేదాన్ని. ఆ సాయంత్రం నుంచి చదివింది, అడిగింది, కళ్ళారా చూసింది అంతా కలిపి చెబుతున్నాను: కుక్క మలం ఎరువు కాదు. దాన్ని మిగతా అన్నిచోట్ల కంటే సొంత పెరట్లోనే ముందు ఎత్తాలి. వారానికోసారి కాదు, ప్రతిరోజూ.

నాన్నది గుంటూరు జిల్లా. నలభై ఏళ్ళు పత్తీ మిరపా పండించిన మనిషి. ఎరువు గురించి ఆయనకు నేను చెప్పేదేమీ ఉండదు. అందుకే వాదించకుండా అడిగాను. "నాన్నా, చేలో మంద పెట్టించేవారు కదా. గొర్రెల మంద. రాత్రుళ్ళు వాటిని చేలో తోలి పడుకోబెట్టినందుకు కాపరికి ధాన్యం కొలిచేవారు. ఆ మందతో పాటు కాపలా కుక్కలూ వచ్చేవి. వాటిది కూడా ఎరువే అని ఎవరైనా లెక్కలో వేసుకున్నారా?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "లేదు. దానికి పేరే లేదు" అన్నారు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నిజంగానే లేదు. ఆవుదీ గేదెదీ పేడ. ఏనుగుదీ గుర్రానిదీ లద్దె. మేకలవీ గొర్రెలవీ పెంటికలు. పక్షులది రెట్ట. పొలానికి పనికొచ్చిన ప్రతిదానికీ తెలుగు రైతు ఒక పేరు పెట్టుకున్నాడు. పెంట అన్న మాట కూడా తిట్టుగా మారకముందు ఎరువుకుప్ప పేరే. పెంటకుప్ప ఎంత పెద్దదైతే ఆ ఇంటి సేద్యం అంత గట్టిదని లెక్క. కుక్క మన వాకిట్లోనే వేల ఏళ్ళుగా ఉంది. దాని విసర్జనకు మాత్రం తిట్టే తప్ప మరో పేరు రాలేదు. మన పూర్వులు సూక్ష్మదర్శినిలో చూసి చెప్పారని నేను అనను. అనుభవంలో అది పంటకు అక్కరకు రాలేదు, అంతే. భాష ఆ సంగతిని భద్రపరిచింది.

ఎందుకు అక్కరకు రాలేదు? ఆవు గడ్డి తింటుంది. ఆ గడ్డి పొట్టలో పులిసి, సగం అరిగిన పీచుగా బయటికి వస్తుంది. వానపాములకూ మట్టిలోని సూక్ష్మజీవులకూ అది తిండి. కుక్క తినేది మాంసకృత్తులు, కొవ్వు, పిండిపదార్థం. అందులోంచి వచ్చే దానిలో పీచు తక్కువ, నత్రజని, భాస్వరం ఎక్కువ. ముద్దగా ఒకేచోట పడి కింద ఉన్న గడ్డికి గాలీ వెలుగూ అందకుండా చేస్తుంది. టెక్సాస్ ఎండలో పైన పెచ్చు కట్టి, లోపల నెలల తరబడి అలాగే ఉంటుంది. పైగా పచ్చిది. నాన్ననే మళ్ళీ అడిగాను, పచ్చి పేడ తీసుకెళ్ళి చేలో వేస్తారా అని. "ఎవరు వేస్తారు? చెదలు పడుతుంది, వేడికి మొక్క మాడుతుంది, కలుపు గింజలు మొలుస్తాయి. ఏడాది కుప్పలో మాగాలి" అన్నారు. మాగడం అంటే వేడెక్కడం. కుప్ప నడిమధ్య పుట్టే ఆ వేడే క్రిముల్నీ పురుగు గుడ్లనూ చంపుతుంది. ఆవు పేడకే అంత నిష్ఠ పాటించిన మనం, కుక్క మలం దగ్గరికి వచ్చేసరికి నాలుగు చినుకులు చాలనుకుంటున్నాం.

ఇక ఆ గుండ్రటి మచ్చలు. అవి మలం వల్ల కాదు, మూత్రం వల్ల. వాటి సంగతి నాన్నకు నేను చెప్పనక్కరలేకపోయింది. చూసిన మొదటి రోజే, "యూరియా బస్తా చిరిగి ఒకచోట ఒలికితే ఇలాగే అవుతుంది. పడినచోట పైరు మాడిపోతుంది, చుట్టూ నల్లగా ఏపుగా లేస్తుంది" అన్నారు. అక్షరాలా అదే. కుక్క మూత్రంలో ఉండేది యూరియా, లవణాలు. నడుమ మోతాదు మించి గడ్డి వేళ్ళు ఎండిపోతాయి. అంచుల్లో పలచబడి ఎరువుగా పనిచేస్తుంది. మగకుక్క కాలెత్తి గోడకో చెట్టుకో పలచగా చిమ్ముతుంది. ఆడకుక్క కూర్చుని మొత్తం ఒకేచోట పోస్తుంది. కర్రి ఆడది కాబట్టి మా పెరట్లో మచ్చలు. ఆడకుక్క మూత్రంలో వేరే విషమేదీ లేదు. అప్పటికే సంచులకొద్దీ ఎరువు చల్లిన పచ్చికలో ఈ మచ్చలు ఇంకా తొందరగా పడతాయి, ఎందుకంటే అక్కడ నత్రజని ముందే అంచుదాకా ఉంటుంది. మా వీధిలో గడ్డి మీద అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టే ఇంటి ముందే మచ్చలు ఎక్కువగా ఉండటానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక విషయం కోపంగానే చెప్పాలి. మూత్రంలోని ఆమ్లం వల్ల గడ్డి మాడుతుందని చెప్పి, ఆ ఆమ్లాన్ని తగ్గిస్తాయంటూ కుక్కలకు మాత్రలు అమ్ముతున్నారు. 1981లోనే కొలరాడోకు చెందిన పశువైద్యుడు వేన్ అల్లార్డ్ నాలుగు రకాల గడ్డి మీద కుక్క మూత్రం పోసి పరీక్షించారు. ఆమ్లగుణం హెచ్చుతగ్గులకూ మాడటానికీ సంబంధం కనిపించలేదు. తేడా చూపింది మూత్రం చిక్కదనం, పోసిన పరిమాణం. ఫెస్క్యూ, రై గడ్డి బాగా తట్టుకున్నాయి. కెంటకీ బ్లూగ్రాస్, మన గరిక త్వరగా మాడాయి. ఆ పశువైద్యుడే తరవాత అమెరికా సెనేట్ సభ్యుడయ్యాడు. ఇన్నేళ్ళయినా ఆ మాత్రలు దుకాణాల్లో అలాగే ఉన్నాయి. మనం పోగొట్టుకునే డబ్బు ఒక ఎత్తు. ఆరోగ్యంగా ఉన్న కుక్క మూత్రం గుణాన్ని గడ్డి అందం కోసం మార్చబోవడం మరో ఎత్తు. మూత్రంలో రాళ్ళు కట్టే గుణం ఆ ఆమ్లక్షార సమతుల్యం మీద ఆధారపడి ఉంటుంది. కుక్క మూత్రపిండాల కంటే పచ్చిక ముఖ్యమా? కుక్క పోసిన వెంటనే, పోసినదానికి మూడింతల నీళ్ళు ఆ చోట కుమ్మరిస్తే చాలు. చెంబు ఖర్చు లేనిది. గరిక తొందరగా మాడినా, తీగ సాగి మళ్ళీ అల్లుకునేదీ అదే. మా మచ్చలు ఆరు వారాల్లో పూడిపోయాయి.

మచ్చలు కంటికి కనిపించే నష్టం. నన్ను భయపెట్టింది కనిపించనిది.

కర్రికి ఆ ఏడాది రెండుసార్లు కొంకి పురుగులు (పేగుల్లో ఉండే హుక్‌వార్మ్‌లు) వచ్చాయి. మొదటిసారి చిగుళ్ళు పాలిపోయాయని తీసుకెళితే, పశువైద్యురాలు మల పరీక్ష చేసి మందిచ్చింది. తగ్గింది. మూడు నెలలకు మళ్ళీ అదే. ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడిగితే ఆమె నన్నే అడిగింది: "మీ పెరట్లో ఎన్నాళ్ళకోసారి ఎత్తుతారు?" వారానికోసారి అన్నాను. ఆమె కాగితం మీద ఒక గీత గీసి చూపించింది. కొంకి పురుగు గుడ్డు మలంతో బయట పడుతుంది. వెచ్చగా, తేమగా ఉంటే ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది. అయిదు నుంచి పది రోజుల్లో ఆ పిల్ల పురుగు చర్మంలోంచి లోపలికి దూరగలిగే దశకు చేరుతుంది. అంటే మొన్న శనివారం పడినదాన్ని ఈ శనివారం నేను ఎత్తేసరికి, ఎత్తవలసింది చాలావరకు అప్పటికే మట్టిలోకి దిగిపోయింది. నేను ఎత్తుతున్నది ఖాళీ ఇల్లు.

చర్మంలోంచి దూరుతుందన్న సంగతి మనుషులకు తెలిసిందే ఒక ప్రమాదం వల్ల. 19వ శతాబ్దం చివర కైరోలో పనిచేస్తున్న జర్మన్ శాస్త్రవేత్త ఆర్థర్ లూస్ చేతి మీద ఈ పిల్ల పురుగులున్న నీటి చుక్క ఒలికింది. దురద, మంట పుట్టాయి. కొన్ని వారాల తరవాత తన మలాన్నే పరీక్షించుకుంటే అందులో కొంకి పురుగు గుడ్లు కనిపించాయి. అది మనుషుల్లో ఉండే జాతి. కుక్కల్లో ఉండే జాతులు మనిషి చర్మంలో దూరాక చాలావరకు దారి తప్పి, చర్మం కిందే మెలికలు తిరుగుతూ ఎర్రటి గీతలు గీస్తాయి. ఆసియాలో మాత్రం కుక్కల కొంకి పురుగుల్లో ఒక రకం, సెలానికం అనేది, మనిషి పేగుల్లోనూ కాపురం పెట్టగలదు. ఈ దేశంలో పందెపు గ్రేహౌండ్ కుక్కల్లో మామూలు మందులకు లొంగని కొంకి పురుగులు బయటపడ్డాయని కూడా మా పశువైద్యురాలు చెప్పింది. మందు ఉంది కదా అన్న ధీమా ఎంతకాలం నిలుస్తుందో తెలియదన్న మాట.

మా ఆరేళ్ళ పిల్లవాడు ఆ పెరట్లో చెప్పుల్లేకుండా పరుగెత్తుతాడు. పొద్దున్నే మంచు పడిన గడ్డి మీద నడిస్తే కళ్ళకు చలువ అని అమ్మ వచ్చినప్పటి నుంచీ రోజూ నడిచింది.

రెండో పురుగు టాక్సోకారా, కుక్కల ఏలికపాము. పిల్లలకు తల్లి కడుపులోనే సోకుతుంది కాబట్టి కుక్కపిల్లల్లో ఎక్కువ. ఒక్క ఆడపురుగు రోజుకు లక్ష దాకా గుడ్లు పెడుతుంది. ఈ గుడ్డు పడిన రోజు ఏ హానీ చేయదు. మట్టిలో రెండు నుంచి నాలుగు వారాలు గడిస్తేనే సోకే దశకు వస్తుంది. వచ్చాక మాత్రం ఏళ్ళ తరబడి బతుకుతుంది. మట్టి చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు దాని వల్ల ప్రమాదం. చాలామందికి ఏ లక్షణమూ లేకుండా గడిచిపోతుంది, అరుదుగా కంట్లోకి చేరి చూపు పోగొడుతుంది. అమెరికా జనాభాలో దాదాపు 5 శాతం మంది రక్తంలో ఈ పురుగు ఎప్పుడో సోకిన జాడలున్నాయని ఇక్కడి జాతీయ ఆరోగ్య సర్వేలో తేలింది. బెదరగొట్టడానికి చెప్పడం లేదు. ఈ రెండు పురుగుల గడువులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి కనీసం అయిదు రోజులు కావాలి, రెండోదానికి కనీసం రెండు వారాలు. రోజూ ఎత్తే ఇంట్లో రెండింటికీ ఆ వ్యవధే దొరకదు. ఏ మందూ ఏ పొడీ చేయలేని పనిని, రోజుకు రెండు నిమిషాల పని చేస్తుంది. అందుకే శనివారం వాయిదాను అంత గట్టిగా కాదంటున్నాను.

మనం మరచిపోయే మనుషులు ఇంకొందరున్నారు. మా వీధిలో సగం ఇళ్ళకు గడ్డి కోయడానికి వారానికోసారి కూలీలు వస్తారు. ఎక్కువమంది మెక్సికో నుంచీ మధ్య అమెరికా నుంచీ వచ్చినవాళ్ళు. తిరిగే తీగతో కంచె వార గడ్డి కోసే యంత్రం ఒకటుంది. దాని కింద ఎండిన మలం పడితే పొడై, పచ్చిది పడితే తుంపరై, పట్టుకున్న మనిషి కాళ్ళ మీదా ముఖం మీదా చిమ్ముతుంది. ఒక మధ్యాహ్నం మా పక్కింటి దగ్గర ఒక కుర్రవాడు యంత్రం ఆపి, చొక్కా అంచుతో ముఖం తుడుచుకోవడం చూశాను. ఏమీ అనలేదు, మళ్ళీ పనిలో పడ్డాడు. అదే యంత్రం చక్రాలు తరవాత మా ఇంటికి, ఆ తరవాత అవతలి ఇంటికి వెళతాయి. నా పెరడు, నా కుక్క అనుకున్నాను కదా. మరి ఆ కుర్రవాడి ముఖం ఎవరిది?

నీటి సంగతి ఇంకా పెద్దది. డాలస్ చుట్టుపక్కల నేల మాకు కొత్త కాదు. దీన్ని ఇక్కడ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. వేసవిలో చెయ్యి దూరేంత బీటలు తీసి, వానకు ఉబ్బి జిగటయ్యే నల్లమట్టి. నాన్న వచ్చిన మర్నాడే ఒక పెళ్ళ తీసి చేతిలో నలిపి "ఇది మన రేగడే" అన్నారు. రెండూ ఒకే తరగతి నేలలు. రేగడి ఒకసారి తడిసి ఉబ్బితే ఇక నీళ్ళు ఇంకనివ్వదు. నాలుగు చినుకులకు మట్టిలో కలవడం కాదు, జోరువానకు పైపైనే కొట్టుకుపోతుంది. పెరట్లోంచి వీధికి, వీధి పక్కన ఉండే వాననీటి కాలవ నోటికి. ఆ నీరు మురుగు శుద్ధి చేసే చోటికి వెళ్ళదు. మన స్నానాల గది నీరు వెళ్ళే దారి వేరు, వాననీరు వెళ్ళే దారి వేరు. వాననీరు ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగులో కలుస్తుంది. ఇక్కడ ఆ వాగు పేరు వైట్ రాక్. ఫ్రిస్కోలో పుట్టి, ప్లేనో ఊరి మీదుగా డాలస్‌లోని వైట్ రాక్ చెరువులో పడి, అక్కడి నుంచి ట్రినిటీ నదిలో కలుస్తుంది. ఆ నది కింద లివింగ్‌స్టన్ జలాశయం ఉంది, హ్యూస్టన్ నగరం తాగే నీటిలో చాలా భాగం అక్కడిదే. ఫ్రిస్కో, ప్లేనో మన తెలుగువాళ్ళు ఇళ్ళు కొనుక్కున్న ఊళ్ళే అని చదివేవారికి తెలుస్తూనే ఉంటుంది. ఒక కుక్క రోజుకు సగటున 340 గ్రాములు విసర్జిస్తుందని ఇక్కడ వాడే లెక్క. ఏడాదికి 124 కిలోలు. ఒక్క వీధిలో పది కుక్కలుంటే టన్ను దాటింది.

అయితే అడవి జంతువుల మాటేమిటి అని మా ఆయన అడిగారు. వాగు ఒడ్డున కుందేళ్ళున్నాయి, కొయోటీలనే నక్కలాంటి జంతువులున్నాయి, వాటి వెనక ఎవరు ఎత్తుతున్నారు? మంచి ప్రశ్న. దీనికి జవాబు వెతుకుతుంటే నాకు చాలా నచ్చిన పరిశోధన ఒకటి దొరికింది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఊరి పక్కన ఉన్న రక్షిత అడవుల్లో ఏడాదిన్నర పాటు 487 సార్లు కుక్కల్ని లెక్కపెట్టారు. 2022లో వెలువడిన వాళ్ళ అంచనా ప్రకారం, కుక్కల వల్ల హెక్టారుకు ఏడాదికి 11 కిలోల నత్రజని, 5 కిలోల భాస్వరం చేరుతున్నాయి. ఎవరూ ఎరువు వేయకూడని అడవికి ఎరువు వేసినట్టే. కుందేలు ఆ వాగు ఒడ్డున పెరిగిన గడ్డి తిని ఆ ఒడ్డుకే తిరిగి ఇస్తుంది. కొయోటీ ఆ కుందేల్ని తిని అక్కడే విసర్జిస్తుంది. లెక్క సమంగా ఉంటుంది. కుక్క తిండి మాత్రం ఎక్కడో పండిన మొక్కజొన్న, ఎక్కడో పెంచిన కోడి. పదిహేను కిలోల సంచుల్లో దుకాణం నుంచి వస్తుంది. అదంతా ఈ నేలకు బయటి నుంచి వచ్చి పడే అదనం. గెంట్ వాళ్ళే ఇంకో లెక్క కూడా చెప్పారు. యజమానులు మలం ఎత్తేస్తే ఆ భాస్వరంలో 97 శాతం, నత్రజనిలో 56 శాతం తగ్గుతుంది. మిగిలిన నత్రజని మూత్రంలోది, దాన్ని ఎత్తలేం. ఎత్తగలిగిన దాన్ని ఎత్తడం వల్ల ఇంత ఫలితం ఉన్నప్పుడు, ఎత్తలేని దాన్ని చూపించి ఊరుకోవడం సబబు కాదు.

ఎత్తి ఏం చేయాలన్నది అసలైన చిక్కు. ప్లాస్టిక్ సంచి మీద నాకూ బెంగ ఉంది. మట్టిలో కలిసిపోతుందని రాసి అమ్మే సంచుల్ని నమ్మి చాలాకాలం ఎక్కువ ధర పెట్టాను. 2015లో ఇక్కడి వాణిజ్య నియంత్రణ సంస్థ ఆ మాట రాసుకునే 20 మంది తయారీదారులకు హెచ్చరిక లేఖలు పంపిందని తరవాత తెలిసింది. చెత్తకుప్పల అడుగున గాలి ఆడని చోట ఏ సంచీ వాళ్ళు చెప్పినంత త్వరగా కరగదు. అయినా సంచిలో కట్టి చెత్తలో వేయడం, గడ్డిలో వదిలేయడం కంటే మేలే. అన్నిటికంటే చెడ్డ పని, సంచిలో కట్టి దాన్ని నడక దారి పక్కన వదిలి వెళ్ళడం. తిరిగి వచ్చేటప్పుడు తీసుకుంటామని పెడతారు, మరచిపోతారు. గడ్డిలో నెలలు ఉండేదాన్ని ఏళ్ళు ఉండేలా మూట కట్టి పెట్టినట్టు.

పెరట్లో గుంట తీసి, డబ్బా దింపి, అందులో వేసి నీళ్ళూ ఎంజైమూ పోసే పరికరాలు కూడా అమ్ముతారు. ఒకటి కొందామని అనుకున్నాను. నాన్న వద్దన్నారు. "రేగడిలో గుంట తీస్తే నీళ్ళు ఇంకవమ్మా, వానాకాలం బావిలా నిలబడుతుంది. లోపలిది పైకి తేలుతుంది." ఆ పరికరం తయారుచేసినవాళ్ళ సూచనల్లో కూడా చివర, చిన్న అక్షరాల్లో, బంకమట్టికి పనికిరాదనే ఉంది. కంపోస్టు చేయవచ్చు కదా అని అడిగేవారికి: చేయవచ్చు. అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో బండి లాగే కుక్కల్ని పదుల సంఖ్యలో పెంచేవాళ్ళ కోసం ఇక్కడి వ్యవసాయ శాఖ 2005లో ఒక చిన్న పుస్తకమే వేసింది. రెండు పాళ్ళ మలానికి ఒక పాలు రంపపు పొట్టు కలిపి, కుప్ప లోపల వేడి 60 డిగ్రీలకు చేరేలా చూసి, తిరగేస్తూ ఉండాలి. అలా చేసిందాన్ని కూడా కూరగాయల పాదుకు వేయకూడదు. ఒక్క కుక్క ఉన్న ఇంట్లో అంత వేడి పుట్టేంత కుప్ప ఎన్నటికీ పోగవదు. మురుగు శుద్ధి కేంద్రానికి కలిపిన ఇళ్ళలో మలాన్ని, సంచి లేకుండా, మరుగుదొడ్లో వేసి నీళ్ళు పోయడం ఇక్కడి పర్యావరణ సంస్థ కూడా ఒప్పుకున్న పద్ధతి. మేము ఇప్పుడు చేస్తున్నది అదే. దానికని ఒక పొడుగు పిడి చేట, వాడిన కాగితం చాలు.

ఇదంతా పడమటి దేశాల శుభ్రత, మనది వేరు అని ఎవరైనా అంటే నాకు సమ్మతం కాదు. ఈ దేశంలోనూ ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు కాదు. న్యూయార్క్ నగరంలో ఎత్తి తీరాలన్న చట్టం అమలులోకి వచ్చింది 1978 ఆగస్టు 1న. అంతకుముందు అక్కడి కాలిబాటలు ఎలా ఉండేవో ఆనాటి పత్రికల్లో ఉంది. ఆ చట్టం కావాలన్నవారి మీద కుక్కల యజమానులు మండిపడ్డారు, ముసలివాళ్ళు వంగలేరన్నారు, కుక్కల్ని వదిలేస్తారన్నారు. అవేవీ జరగలేదు. అలవాటైంది. హైదరాబాదుకు వెళ్ళినప్పుడల్లా నేను చూసేది దీనికి తిరగవేసిన రూపం. ఇల్లు అద్దంలా ఉంటుంది, చెప్పులు గుమ్మం బయట ఉంటాయి. ఖరీదైన కుక్కను పొద్దున్నే పనిమనిషి చేతికిచ్చి గేటు బయటికి పంపుతారు. పక్క ఇంటి గోడ వారా, పార్కులోనూ, పసిపిల్లలు ఆడే ఇసుక పక్కనా పని కానిచ్చి వస్తుంది. వీధికుక్కల సమస్య వేరు, దానికి ఒక్కరు చేయగలిగింది తక్కువ. పట్టీ కట్టి పెంచుకుంటున్న కుక్కకు సంజాయిషీ లేదు. మనమే కొన్నాం, మనమే తిండి పెట్టాం.

నాన్న, అమ్మ తిరిగి వెళ్ళడానికి మూడు వారాల ముందు నాన్న పెరట్లో పని మొదలుపెట్టారు. కంచె మూలన ఎనిమిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు చోటు కొలిచి, జానెడు లోతున రేగడి తవ్వి తీశారు. వాలు వీధి వైపు కాకుండా లోపలికి ఉండేలా చూసుకున్నారు. మేము దుకాణం నుంచి నున్నటి గులకరాళ్ళు తెచ్చి నింపాం. కర్రిని రోజూ పట్టీతో అక్కడికే తీసుకెళ్ళి, పని కాగానే మెచ్చుకుని చిన్న తినుబండారం ఇవ్వడం పిల్లవాడి వంతు. పద్దెనిమిది రోజులకు అదే వెళ్ళడం నేర్చుకుంది. రాళ్ళ మీద పడినది వెంటనే కనిపిస్తుంది, వెంటనే ఎత్తవచ్చు. మూత్రం పోసిన చోట ఒక బకెట్ నీళ్ళు. కర్రి మలాన్ని మూడు నెలలకోసారి పరీక్ష చేయిస్తున్నాం. ఏడాది అయింది, నాలుగు పరీక్షల్లోనూ పురుగు లేదు.

అమ్మ మాత్రం ఆ పచ్చికను ఇంకా నమ్మలేదు. వెళ్ళే ముందు వంటింటి కిటికీ కింద, కర్రికి అందని ఎత్తులో, పాత ఇత్తడి గంగాళంలో కొత్త మట్టి నింపి, ముందు వాకిట్లోంచి నాలుగు గరిక వేళ్ళు తెచ్చి నాటింది. రోజూ నీళ్ళు పొయ్యమని పిల్లవాడికి అప్పజెప్పింది. ఈ ఏడాది చవితికి అది గంగాళం అంచు దాటి కిందికి వేలాడింది. పూజ రోజు పొద్దున వీడియోలో అమ్మకు చూపిస్తే, "రెండేసి పోచలు కలిపి తుంచు, చివర్లు విరగకుండా" అంది. వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది, రాళ్ళ మూలన నీళ్ళు నిలుస్తున్నాయా అని అడుగుతూ. ఫోను పట్టుకుని అటు నడిచాను, చూపించడానికి.